తోట, ర్యాంకు, పట్టా: ఉద్దానంలో ఇంజినీరింగ్ చదువు ఎంపిక

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఇంటర్మీడియట్ ఎం.పి.సి. పూర్తిచేసిన విద్యార్థి ఇంట్లో వేసవి పొడవునా వినిపించే ప్రశ్నలు రెండే: ఏ కాలేజీ, ఏ బ్రాంచి. పట్టా ఇచ్చే విశ్వవిద్యాలయం ఏది, దానికీ విద్యార్థి కూర్చునే తరగతి గదికీ ఉన్న సంబంధం ఎలాంటిది అన్న మూడో ప్రశ్న చాలా ఇళ్లలో చదువు ముగిసే వేళకు, ఉద్యోగానికో పైచదువుకో దరఖాస్తు నింపేటప్పుడు గానీ తలెత్తదు. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలాల నుంచి ఏటా ఇంజినీరింగ్ ప్రవేశాలకు సిద్ధమయ్యే పిల్లల విషయంలో ఈ వరుస మారడం అవసరం. ఎందుకంటే ఇక్కడి కుటుంబానికి ఒకసారి తప్పిన ఎంపికను సరిదిద్దుకునే ఆర్థిక వెసులుబాటు తక్కువ, తోట మీద తెచ్చిన అప్పు తీరడానికి పట్టే కాలం ఎక్కువ.

మన దేశంలో పట్టా ఇచ్చే అధికారం ఎవరికి ఉందో 1956 నాటి విశ్వవిద్యాలయ నిధుల సంఘం చట్టంలోని 22వ సెక్షన్ స్పష్టం చేస్తుంది. పార్లమెంటు లేదా శాసనసభ చేసిన చట్టంతో ఏర్పడిన విశ్వవిద్యాలయానికి, అదే చట్టంలోని 3వ సెక్షన్ కింద విశ్వవిద్యాలయంతో సమానమని కేంద్రం ప్రకటించిన సంస్థకు, పార్లమెంటు ప్రత్యేకంగా అధికారమిచ్చిన సంస్థకు మాత్రమే పట్టా ఇచ్చే హక్కు ఉంటుంది. రెండో తరగతికి చెందిన వాటినే డీమ్డ్ విశ్వవిద్యాలయాలంటారు. 1980లో ఇంజినీరింగ్ కళాశాలగా మొదలై 2007లో ఆ హోదా పొందిన విశాఖపట్నంలోని గీతం ఇందుకు ఉదాహరణ. ఐ.ఐ.టి.లు, ఎన్.ఐ.టి.లు పార్లమెంటు చట్టాల కింద నడుస్తాయి. ఇవి కాక మిగిలిన ఇంజినీరింగ్ కళాశాలల్లో అత్యధికం అనుబంధ కళాశాలలు, అంటే బోధన తాము చేసి, పట్టాను మాతృ విశ్వవిద్యాలయం చేత ఇప్పించేవి. అనుబంధ కళాశాలకు స్వయంప్రతిపత్తి లభిస్తే, వాడుకలో అటానమస్ అయితే, పాఠ్యప్రణాళిక రూపకల్పన, ప్రశ్నపత్రం, మూల్యాంకనం కళాశాల చేతిలోకి వస్తాయి, పట్టా మాత్రం మాతృ విశ్వవిద్యాలయం పేరుతోనే వెలువడుతుంది. ఈ తేడా చిన్నదిగా కనిపించినా విద్యార్థి నాలుగేళ్ల జీవితాన్ని నిర్ణయించేది ఇదే. పాఠం చెప్పినవారే పరీక్ష పెట్టి మార్కులు వేసే చోట మంచి అధ్యాపకులుంటే చదువు కాలానికి తగినట్టు మారుతుంది, వారు లేని చోట మార్కులు పెరిగి చదువు తగ్గుతుంది.

వాల్తేరు నుంచి టెక్కలి దాకా

ఉత్తరాంధ్రలో ఇంజినీరింగ్ విద్య చరిత్ర పొడవైనదేమీ కాదు. 1926లో బెజవాడ కేంద్రంగా ఏర్పడి తర్వాత వాల్తేరుకు తరలిన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రసాయన సాంకేతిక శాఖ 1933లో, ఇంజినీరింగ్ శాఖ 1946లో ప్రారంభమయ్యాయి. అదే 1946లో విశాఖపట్నం పేరుతో మొదలైన ప్రభుత్వ ఇంజినీరింగ్ కళాశాల ఆ తర్వాత కాకినాడకు తరలి, 1972లో ఏర్పడిన జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయంలో భాగమైంది. 1946కు ముందు తీరాంధ్ర విద్యార్థికి ఇంజినీరింగ్ అంటే మద్రాసులోని గిండీ కళాశాలే. శ్రీకాకుళం 1950 ఆగస్టు 15న ప్రత్యేక జిల్లాగా ఏర్పడిన తర్వాత కూడా దశాబ్దాల పాటు ఉద్దానం విద్యార్థి ఇంజినీరు కావాలంటే వాల్తేరుకో కాకినాడకో వెళ్లి హాస్టల్లో ఉండక తప్పలేదు, ఆ ఖర్చు భరించగలిగిన ఇళ్లు ఊరికి ఒకటో రెండో ఉండేవి.

రాజాంలో జి.ఎం.ఆర్. సాంకేతిక సంస్థ 1997లో, టెక్కలి సమీపంలోని కె.కొత్తూరు వద్ద ఆదిత్య సంస్థ, జిల్లా వాడుకలో ఐతం, 2001లో ప్రారంభం కావడంతో ఈ దూరం తగ్గింది. పలాస–కాశీబుగ్గ నుంచి పదహారో నంబరు జాతీయ రహదారి మీద రోజూ వెళ్లి రాగలిగే దూరంలో ఒక ఇంజినీరింగ్ కళాశాల ఉండటం, ముఖ్యంగా ఆడపిల్లల చదువు విషయంలో, ఈ ప్రాంతంలో తెచ్చిన మార్పు గణనీయమైనది. 2008లో ఎచ్చెర్లలో డా. బి.ఆర్. అంబేడ్కర్ విశ్వవిద్యాలయం ఏర్పడింది. అదే ఏడాది పాత సాంకేతిక విశ్వవిద్యాలయం హైదరాబాదు, కాకినాడ, అనంతపురం కేంద్రాలుగా విడిపోగా, 2022 జనవరిలో కాకినాడ నుంచి వేరై విజయనగరం కేంద్రంగా జె.ఎన్.టి.యు. గురజాడ రూపుదిద్దుకుంది. కాకినాడకు అనుబంధంగా ఉన్న టెక్కలి కళాశాల ఇప్పుడు విజయనగరం పరిధిలో ఉన్నది. అన్న పట్టా మీద కాకినాడ, చెల్లెలి పట్టా మీద గురజాడ పేరు ఉండటం ఇందువల్లనే, దీనివల్ల ఏ ఒక్కరి పట్టా విలువా తగ్గదు. అయితే కొత్త విశ్వవిద్యాలయానికి పరిశోధన విభాగాలు, అధ్యాపక నియామకాలు, పూర్వ విద్యార్థుల బలగం సమకూరడానికి కొంత కాలం పడుతుందన్న సంగతి ఎంపికలో గుర్తుంచుకోవలసినది.

ఫీజు ఎక్కడి నుంచి వస్తుంది

ఉద్దానం కుటుంబ ఆదాయానికి కొబ్బరి, జీడిమామిడి, పనస ఆధారాలు, వాటికి తోడు పలాస జీడిపప్పు కార్ఖానాల కూలి, వలస వెళ్లిన వారు పంపే డబ్బు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున వజ్రపుకొత్తూరు తీరాన్ని దాటిన తిత్లీ తుపాను ఈ ఆధారాల్లో మొదటిదాన్ని వేళ్లతో సహా పెకలించింది. కూలిన కొబ్బరి స్థానంలో నాటిన మొక్క కాపుకు రావడానికి సుమారు అరడజను ఏళ్లు పడుతుంది, నిండు కాపుకు ఇంకా ఎక్కువ. తుపాను నాటికి ఆరో తరగతిలో ఉన్న బిడ్డ ఇంజినీరింగ్‌కు వచ్చే నాటికి ఆ తోట ఇంకా కోలుకునే దశలోనే ఉంటుందన్నమాట. దీనికి తోడు, కారణం ఇదమిత్థమని తేలని దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి ఇక్కడి ఇళ్లలో సంపాదించే మనిషినే పడగొడుతున్నది. పలాసలో 2023 డిసెంబరు 14న ప్రారంభమైన 200 పడకల సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం, డయాలసిస్ రోగులకు నెలకు 10,000 రూపాయల పింఛను కొంత ఆసరా ఇస్తున్నా, వారంలో రెండు మూడు రోజులు రోగి వెంట మరొకరు వెళ్లక తప్పదు. అలాంటి ఇంటి బిడ్డకు కళాశాల దూరం అన్నది సౌకర్యానికి సంబంధించిన విషయం కాదు, చదువు మధ్యలో ఆగుతుందా ఆగదా అన్నదానికి సంబంధించిన విషయం. ఇంటి అవసరం కోసం దగ్గరి కళాశాలను ఎంచుకున్న విద్యార్థిని ‘పెద్ద కాలేజీకి పోలేకపోయింది’ అని తక్కువ చేసి మాట్లాడే బంధువులు ఆ లెక్క తెలియనివారు.

ఫీజు లెక్కలో కీలకమైన గీత కన్వీనర్ కోటాకూ యాజమాన్య కోటాకూ మధ్య ఉన్నది. ప్రైవేటు అనుబంధ కళాశాలల్లో 70 శాతం సీట్లను రాష్ట్ర ఉన్నత విద్యామండలి పర్యవేక్షణలో కన్వీనర్ ర్యాంకుల ప్రకారం భర్తీ చేస్తారు, మిగిలిన 30 శాతం యాజమాన్యం నింపుకుంటుంది. 2008–09లో మొదలై, ప్రభుత్వాలు మారినప్పుడల్లా పేరూ చెల్లింపు పద్ధతీ మార్చుకుంటూ వచ్చిన బోధన రుసుము చెల్లింపు పథకం, అందరి నోటా ఫీజు రీయింబర్స్‌మెంటు, కన్వీనర్ సీటు పొందిన అర్హులకే వర్తిస్తుంది. కుటుంబ వార్షికాదాయం 2.5 లక్షల రూపాయల లోపు ఉండటం, విద్యార్థి హాజరు 75 శాతానికి తగ్గకపోవడం అందులోని ప్రధాన నిబంధనలు. ఒకే తరగతి గదిలో, ఒకే అధ్యాపకుడి ముందు, పక్కపక్క బల్లల మీద కూర్చున్న ఇద్దరిలో కన్వీనర్ సీటువారికి రుసుము ప్రభుత్వం కడుతుంటే, యాజమాన్య సీటువారికి ఇల్లు కడుతుంది. ప్రభుత్వం నుంచి డబ్బు పడటం ఆలస్యమైనప్పుడు పరీక్ష రుసుము గడువు నాటికి కళాశాలలు విద్యార్థిని అడగడం కూడా తరచు జరిగేదే కనుక, ఉచితమనుకున్న చదువుకు సైతం కొంత చేతిలో ఉంచుకోవడం మంచిది.

ఈ నేపథ్యంలో ఉద్దానంలో తరచు ఎదురయ్యే సందిగ్ధం ఒకటే: దగ్గరి కళాశాలలో కన్వీనర్ సీటా, దూర నగరంలో పేరున్న చోట డొనేషన్ కట్టి యాజమాన్య సీటా. ఎకరం తోట అమ్మి కొన్న సీటు ఎకరం తోటకు సమానమైన చదువు ఇస్తుందన్న హామీ ఎక్కడా లేదు. నాలుగేళ్ల బోధన రుసుముకు హాస్టలు, భోజనం, ప్రయాణం, ల్యాప్‌టాప్ కలిపి లెక్కగట్టి, ఆ కళాశాలలో సగటు విద్యార్థి పొందే ఉద్యోగపు జీతంతో ఆ అప్పు ఎన్నేళ్లకు తీరుతుందో కాగితం మీద వేసి చూసినప్పుడు, దగ్గరి కన్వీనర్ సీటు వైపే మొగ్గే సందర్భాలు ఎక్కువ. అప్పు తప్పనప్పుడు బ్యాంకు మార్గం ఉన్నది. 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన పి.ఎం. విద్యాలక్ష్మి పథకం ఎంపికచేసిన నాణ్యమైన సంస్థల్లో ప్రతిభ ఆధారంగా సీటు పొందినవారికి తాకట్టు లేకుండా రుణమిస్తుంది, ఏటా 8 లక్షల రూపాయల లోపు ఆదాయమున్న కుటుంబాలకు 10 లక్షల వరకు రుణంపై 3 శాతం వడ్డీ రాయితీకి అవకాశమిస్తుంది. యాజమాన్య కోటా సీటుకు ఈ తలుపు తెరుచుకోదు. వడ్డీ వ్యాపారి ఇంటికి వెళ్లే ముందు తాను చేరబోయే కళాశాల ఆ జాబితాలో ఉన్నదా లేదా అని బ్యాంకులో అడిగి తెలుసుకోవడం కనీస జాగ్రత్త.

సరిహద్దు దాటితే

ఉద్దానానికి ఉన్న మరో ప్రత్యేకత ఒడిశా సరిహద్దు. ఇచ్ఛాపురం విద్యార్థికి విశాఖ కంటే బరంపురం చాలా దగ్గర. పర్లాకిమిడి మహారాజు చొరవతో నౌపడ నుంచి వేసిన రైలు మార్గం 1931 నాటికి గుణుపురం చేరింది, 2011లో అది బ్రాడ్‌గేజికి మారాక టెక్కలి ప్రాంతం నుంచి ఆ వైపు రాకపోకలు సులభమయ్యాయి. గుణుపురంలో 1997లో మొదలైన గాంధీ ఇంజినీరింగ్ సంస్థ, బరంపురం దగ్గర పాలూరు కొండల చెంత 1996లో ఏర్పడిన నిస్ట్, పర్లాకిమిడిలోని సెంచూరియన్ విశ్వవిద్యాలయం, ఈ మూడూ తెలుగు విద్యార్థులకు కొత్త కాదు. ఇవి చేరువలో ఉండటం వాస్తవమే అయినా, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ రుసుము పథకం రాష్ట్రం లోపలి కళాశాలలకే పరిమితమన్న సంగతి లెక్కలోకి తీసుకోకపోతే దగ్గరి చదువే ఖరీదైన చదువుగా మారుతుంది.

సరిహద్దు కుటుంబాలు ఇంటర్ చేర్చేటప్పుడే ఆలోచించవలసిన నిబంధన మరొకటి ఉన్నది. ఒక్కో ఎన్.ఐ.టి.లో సగం సీట్లు అది ఉన్న రాష్ట్రం వారికి కేటాయిస్తారు, అయితే ఏ రాష్ట్రం వారన్నది సొంత ఊరిని బట్టి కాక పన్నెండో తరగతి ఉత్తీర్ణులైన రాష్ట్రాన్ని బట్టి నిర్ణయిస్తారు. కంచిలి అమ్మాయి బరంపురంలో ప్లస్ టూ చదివితే రూర్కెలా ఎన్.ఐ.టి.లో ఆమె స్వరాష్ట్ర అభ్యర్థి, 2015లో ఏర్పడిన తాడేపల్లిగూడెం ఎన్.ఐ.టి.లో ఇతర రాష్ట్ర అభ్యర్థి అవుతుంది. ఆంధ్రప్రదేశ్ ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష అయిన ఇ.ఎ.పి. సెట్‌లో స్థానికతకు వేరే కొలమానం ఉన్నది; ఆంధ్ర విశ్వవిద్యాలయ ప్రాంతపు కళాశాలల్లో 85 శాతం సీట్లు పొందే స్థానిక హోదాకు ఆరో తరగతి నుంచి ఇంటర్ వరకు ఎక్కడ చదివారో ధ్రువపత్రాలతో చూపాలి. అందువల్ల ఒకచోట కలిసొచ్చినది మరోచోట నష్టం కావచ్చు. పదో తరగతి తర్వాత బిడ్డను ఎక్కడ చేర్చాలన్న నిర్ణయంలో రెండేళ్ల తర్వాతి విశ్వవిద్యాలయ ప్రవేశం ఇమిడి ఉన్నదని ఊళ్లోని ఉపాధ్యాయులు తల్లిదండ్రులకు చెప్పగలిగితే ఎంతో మేలు.

బోర్డు మీది అక్షరాలు, పట్టికలోని అంకెలు

కళాశాల ముఖద్వారం దగ్గర పెద్ద అక్షరాల్లో కనిపించే గుర్తింపులన్నీ ఒకే రకమైనవి కావు. అఖిల భారత సాంకేతిక విద్యామండలి ఆమోదం అంటే కళాశాల నడపడానికి అనుమతి మాత్రమే, అది నాణ్యతకు ధ్రువపత్రం కాదు. 1994లో ఏర్పడిన జాతీయ మదింపు, గుర్తింపు మండలి, అంటే న్యాక్, సంస్థను మొత్తంగా చూసి గ్రేడు ఇస్తుంది. అదే ఏడాది ఏర్పడిన జాతీయ గుర్తింపు మండలి, అంటే ఎన్.బి.ఎ., ఒక్కొక్క బ్రాంచిని విడివిడిగా పరీక్షించి, నిర్ణీత కాలానికి గుర్తింపు ఇస్తుంది. కళాశాలకు న్యాక్ ‘ఎ’ గ్రేడు ఉన్నా అందులో కొత్తగా పెట్టిన కృత్రిమ మేధ బ్రాంచికి ఎన్.బి.ఎ. గుర్తింపు లేకపోవచ్చు, గుర్తింపు కాలం ముగిసి ఉండవచ్చు. ఇంజినీరింగ్ పట్టాలను దేశాల మధ్య పరస్పరం గుర్తించుకునేందుకు 1989లో కుదిరిన వాషింగ్టన్ ఒప్పందంలో భారతదేశం 2014 జూన్‌లో పూర్తి సభ్యురాలైంది. ఆ ఒప్పందపు ప్రయోజనం విశ్వవిద్యాలయ విభాగాలకు, అటానమస్ సంస్థలకు ఇచ్చే మొదటి శ్రేణి ఎన్.బి.ఎ. గుర్తింపు ఉన్న బ్రాంచిలకే వర్తిస్తుంది, సాధారణ అనుబంధ కళాశాలలకు ఇచ్చే రెండో శ్రేణికి వర్తించదు. విదేశాల్లో ఇంజినీరుగా వృత్తి చేయాలన్న ఆలోచన ఉన్న విద్యార్థి ఫలానా బ్రాంచికి, ఫలానా శ్రేణిలో, ఏ సంవత్సరం వరకు గుర్తింపు ఉన్నదో ఎన్.బి.ఎ. జాబితాలోనే చూసుకోవాలి.

2016 నుంచి వెలువడుతున్న జాతీయ సంస్థాగత ర్యాంకుల వ్యవస్థ, ఎన్.ఐ.ఆర్.ఎఫ్., గురించి పత్రికల్లో వచ్చేది ర్యాంకు మాత్రమే, కానీ విద్యార్థికి అసలు ఉపయోగపడేది ర్యాంకు వెనక ఉన్న పట్టిక. ఇంజినీరింగ్ విభాగంలో బోధన వనరులకు 30 శాతం, పరిశోధనకు 30, ఉత్తీర్ణత ఫలితాలకు 20, అందరినీ కలుపుకొనిపోవడానికి 10, జనాభిప్రాయానికి 10 శాతం చొప్పున భారం ఉంటుంది. అంటే మొత్తంలో దాదాపు మూడో వంతు పరిశోధన పత్రాలది, బి.టెక్. విద్యార్థికి వాటితో నేరుగా సంబంధం తక్కువ. ర్యాంకు రాని సంస్థ అయినా తాను సమర్పించిన వివరాలను తన వెబ్‌సైటులో ఉంచవలసి ఉంటుంది. ఆ వివరాల్లో నాలుగేళ్ల కోర్సుకు సంబంధించిన వరుసను ఎడమ నుంచి కుడికి చదివితే ఆ కళాశాల కథ మొత్తం తెలుస్తుంది: మొదటి సంవత్సరంలో ఎందరు చేరారు, రెండో ఏట డిప్లొమా నుంచి నేరుగా ఎందరు కలిశారు, నిర్ణీత కాలంలో ఎందరు పూర్తిచేశారు, వారిలో ఎందరికి ఉద్యోగాలొచ్చాయి, వారి మధ్యస్థ జీతం ఎంత, పైచదువులకు ఎందరు వెళ్లారు.

మధ్యస్థం అంటే జీతాలను తక్కువ నుంచి ఎక్కువకు పేర్చినప్పుడు సరిగ్గా నడుమ నిలిచే అంకె. అయిదుగురి జీతాలు ఏడాదికి 3 లక్షలు, 3 లక్షలు, 3.5 లక్షలు, 4 లక్షలు, 44 లక్షలు అనుకుంటే వారి సగటు 11.5 లక్షలు, మధ్యస్థం 3.5 లక్షలు. కరపత్రం మీద, రహదారి పక్క హోర్డింగు మీద కనిపించేది ఆ 44 లక్షల విద్యార్థి ఫొటో. చేరబోయే బిడ్డకు వర్తించే అవకాశం ఎక్కువగా ఉన్నది 3.5 లక్షల అంకె, అదీ ఉద్యోగం దొరికినవారిలో మాత్రమే. చేరినవారికీ సకాలంలో పూర్తిచేసినవారికీ మధ్య తేడా ఎక్కువగా ఉన్న చోట బ్యాక్‌లాగులు పేరుకుపోతున్నాయని గ్రహించాలి. తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన ఉద్దానం పిల్లలు మొదటి సంవత్సరం గణితంలో, ఇంగ్లీషు పాఠ్యపుస్తకాల ముందు తడబడటం సహజం. వారిని ఆ ఏడాది చేయిపట్టి నడిపించే అధ్యాపకులున్న కళాశాల, లేని కళాశాల అన్న విభజన ఏ ర్యాంకుల జాబితాలోనూ కనిపించదు గానీ, నాలుగో ఏటికి ఫలితాన్ని తేల్చేది అదే.

అందుకే సీటు తీసుకునే ముందు ఒక పూట కళాశాలకు వెళ్లి చూడటం ఎంతో విలువైన పని. సాంకేతిక విద్యామండలి ప్రమాణం ప్రకారం ఇరవై మంది విద్యార్థులకు ఒక అధ్యాపకుడు ఉండాలి. శాఖ నోటీసు బోర్డు మీది అధ్యాపకుల పేర్లలో ఎందరు అయిదేళ్లకు పైగా అక్కడ పనిచేస్తున్నారో మూడో సంవత్సరం విద్యార్థిని అడిగితే నిజం తెలుస్తుంది. విద్యుత్ యంత్రాల ప్రయోగశాలలో మోటార్ల మీద దుమ్ము ఉన్నదా, తీగల కొనలు వాడి వాడి అరిగి ఉన్నాయా, ఒక్కో యంత్రం దగ్గర ఎందరు నిలబడి ప్రయోగం చేస్తున్నారు, సాయంత్రం అయిదు దాటాక గ్రంథాలయం తెరిచి ఉంటుందా, హాస్టల్లో ఉండే ఆడపిల్లలు ఆ సమయంలో అక్కడికి వెళ్లి రాగలరా అన్నవి కళ్లతో చూసి తేల్చుకోవలసినవి. మందస నుంచో కవిటి నుంచో వచ్చిన తండ్రికి ఇంజినీరింగ్ తెలియకపోయినా పనిచేసే యంత్రానికీ మూలనపడ్డ యంత్రానికీ తేడా తెలుస్తుంది.

వెబ్ ఆప్షన్ల వరుస

ఇ.ఎ.పి. సెట్‌లో గణితం 80, భౌతికశాస్త్రం 40, రసాయనశాస్త్రం 40 ప్రశ్నలకు వచ్చిన మార్కులకు 75 శాతం, ఇంటర్ మార్కులకు 25 శాతం భారమిచ్చి ర్యాంకు నిర్ణయిస్తారు. ఆ తర్వాత విద్యార్థి కళాశాల, బ్రాంచి జతలను ఇష్టానుసారం వరుసగా నమోదు చేయడాన్నే వెబ్ ఆప్షన్లంటారు. సీట్ల కేటాయింపు ర్యాంకు క్రమంలో సాగుతుంది. ఒక విద్యార్థి వంతు వచ్చినప్పుడు అతని మొదటి ఆప్షన్‌లో అతని కేటగిరీకి సీటు మిగిలి ఉన్నదేమో చూసి, లేకపోతే రెండోదానికి, అదీ లేకపోతే మూడోదానికి వెళతారు. దీని అర్థం, రాదనుకున్న కళాశాలను పైన రాసినందువల్ల కింద రాసిన కళాశాలలో అవకాశం రవ్వంత కూడా తగ్గదు. ‘మన ర్యాంకుకు తగినదే మొదట పెట్టాలి’ అని ఇంటర్నెట్ సెంటర్లో చెప్పే సలహా పూర్తిగా తప్పు. నిజంగా ఎక్కువ ఇష్టమైనది పైన, తక్కువ ఇష్టమైనది కింద ఉండాలి, జాబితా వీలైనంత పొడవుగా ఉండాలి. నష్టం జరిగేది నాలుగైదు ఆప్షన్లతో సరిపెట్టినప్పుడు, లేదా చేరే ఉద్దేశం లేని కళాశాలను సంఖ్య కోసం చేర్చినప్పుడు. రెండో విడతలో మళ్లీ ఆప్షన్లు ఇచ్చి కొత్త సీటు వస్తే పాతది రద్దవుతుంది కనుక అప్పుడు చేతిలో ఉన్న సీటు కంటే మెరుగైనవి మాత్రమే రాయాలి.

గత సంవత్సరపు చివరి ర్యాంకుల పట్టిక కూడా జాగ్రత్తగా చదవవలసినదే. ఒకే కళాశాలలో ఒకే బ్రాంచికి సామాజిక వర్గాన్ని బట్టి, బాలికలకు మూడో వంతు రిజర్వేషన్ ఉన్నందున బాలురా బాలికలా అన్నదాన్ని బట్టి, స్థానికతను బట్టి వేర్వేరు అంకెలుంటాయి. మత్స్యకార గ్రామం నుంచి వచ్చిన అమ్మాయి ఓపెన్ కేటగిరీ బాలుర గడి చూసి ఆంధ్ర విశ్వవిద్యాలయ కళాశాల తనకు అందదనుకుంటే, తనకు అందే సీటును తానే వదులుకున్నట్టవుతుంది.

బ్రాంచి విషయంలో ప్రస్తుతం రాష్ట్రమంతటా మొగ్గు కంప్యూటర్ సైన్సు వైపే. సమర్థమైన సంస్థలకు సీట్ల పరిమితిని సాంకేతిక విద్యామండలి 2024–25 నుంచి ఎత్తివేయడంతో ఆ బ్రాంచిలో సెక్షన్లు పెరుగుతున్నాయి, సివిల్, మెకానికల్, ఎలక్ట్రికల్ శాఖలు చిక్కిపోతున్నాయి. సీటు పెరిగినంత వేగంగా అధ్యాపకులు పెరగరు. ఉద్దానం నేల మీద ఈ పదేళ్లలో వచ్చిన పెద్ద పనులను చూస్తే, హిరమండలం జలాశయం నుంచి 700 కోట్ల రూపాయలతో గొట్టాల ద్వారా శుద్ధజలం తెచ్చిన సుజలధార పథకం, 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగిన మూలపేట ఓడరేవు, పలాసలోని డయాలసిస్ యంత్రాల నిర్వహణ, జీడిగింజ పగలగొట్టే యంత్రాల తయారీ, ఇవన్నీ సివిల్, మెకానికల్, ఎలక్ట్రికల్, రసాయన ఇంజినీర్ల పనులే. ఒక్క ఓడరేవును నమ్మి బ్రాంచి ఎంచుకోవడం తొందరపాటవుతుంది గానీ, మంచి అధ్యాపకులున్న ఎలక్ట్రికల్ శాఖను వదిలి, అధ్యాపకులు కుదురుకోని కంప్యూటర్ సెక్షన్‌కు వెళ్లడం అంతకంటే తొందరపాటు.

పదో తరగతిలోనే తెరుచుకునే తలుపు

ఉద్దానం సర్కారు బడి పిల్లలకు అన్నిటికంటే అనువైన ఇంజినీరింగ్ దారికి ఇ.ఎ.పి. సెట్‌తో సంబంధమే లేదు. 2008లో చట్టబద్ధంగా ఏర్పడిన రాజీవ్‌గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం, జనం పిలిచే పేరు ట్రిపుల్ ఐటీ, 2016లో శ్రీకాకుళానికి ఒక ప్రాంగణాన్ని కేటాయించింది, అది ఎచ్చెర్ల మండలం ఎస్.ఎం.పురంలో నడుస్తున్నది. పదో తరగతి మార్కుల ఆధారంగా ప్రవేశమిచ్చి, రెండేళ్ల ఇంటర్ స్థాయి చదువు, నాలుగేళ్ల బి.టెక్. కలిపి ఆరేళ్లు హాస్టల్లో ఉంచి చదివించే వ్యవస్థ ఇది. ప్రభుత్వ పాఠశాలల్లో చదివినవారికి వెనుకబాటు పాయింట్లుగా 4 శాతం అదనంగా కలుపుతారు. కార్పొరేట్ ఇంటర్ కళాశాలకు రెండేళ్లకు కట్టే లక్షల ఖర్చును ఈ ఒక్క ప్రవేశం తప్పిస్తుంది. పట్టా నేరుగా విశ్వవిద్యాలయానిదే, మధ్యలో అనుబంధ కళాశాల లేదు. బ్రాంచిని మొదటి రెండేళ్ల ప్రతిభను బట్టి తర్వాత కేటాయిస్తారు కనుక పదిహేనేళ్ల వయసులో కంప్యూటరా సివిలా అని తేల్చుకోవలసిన ఒత్తిడి కూడా ఉండదు.

ఈ విశ్వవిద్యాలయానికి ఉన్న లోపాన్ని సైతం దాచకుండా చెప్పుకోవాలి. బోధన భారంలో పెద్ద భాగాన్ని ఏళ్ల తరబడి కాంట్రాక్టు, అతిథి అధ్యాపకులు మోస్తున్నారు, శాశ్వత నియామకాలు లేకుండా పరిశోధనా ప్రయోగశాలలూ నిలదొక్కుకోవు. పల్లె పిల్లల కోసం పెట్టిన విశ్వవిద్యాలయంలో అధ్యాపకుల కొరతను ప్రభుత్వాలు సహజమన్నట్టు చూడటం అన్యాయం. ఆ కొరత ఉన్నప్పటికీ, తోట తాకట్టు పెట్టకుండా, ఇంటికి కొన్ని గంటల దూరంలో, రాష్ట్రమంతటి నుంచి వచ్చిన చురుకైన పిల్లల మధ్య ఆరేళ్ల చదువు దొరికే చోటు జిల్లాలో మరొకటి లేదు. పదో తరగతి ఫలితాలు వెలువడిన వెంటనే దరఖాస్తుల ప్రకటన వస్తుంది, గడువు కొద్ది వారాలే ఉంటుంది. ఉద్దానంలోని ప్రతి జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలలో ప్రధానోపాధ్యాయులు ఆ వారాల్లో బడి తెరిచి, అర్హులైన పిల్లల తల్లిదండ్రులను పిలిపించి, కుల, ఆదాయ, స్థానికత ధ్రువపత్రాలు సిద్ధం చేయించి, అక్కడికక్కడే దరఖాస్తు పూర్తి చేయించాలి. ఇందుకు కొత్త జీవో గానీ అదనపు నిధులు గానీ అవసరం లేదు.